ఏడేళ్ల పాపా, డెబ్బై ఏళ్ల అవ్వా ఒకే చాప మీద: విచారణలో అన్ని వయసులకూ సత్యోపదేశం ఎలా నడపాలి

మన కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) సత్యోపదేశం (విశ్వాస బోధ) అంటే పిల్లల వ్యవహారం. ఆదివారం పూజ (మాస్) అయ్యాక వరండాలో కూర్చోబెట్టి పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం కంఠస్థం చేయిస్తాం. మొదటి సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) అయిపోతుంది. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ముందు ఇంకొన్ని ప్రశ్నలు, జవాబులు. పీఠాధిపతి (బిషప్) గారు వస్తారు, ఫొటోలు దిగుతారు, అక్కడితో చదువు పూర్తి. ఆ కుర్రవాడు మళ్లీ విశ్వాసం గురించి కుదురుగా కూర్చుని వినేది పెళ్లికి ముందే, అదీ ఫాదరు గారు పట్టుబడితే. నలభై ఏళ్ల మనిషికి కొడుకు తాగుడుకు అలవాటు పడినప్పుడు, పంట పోయి అప్పు మీద పడినప్పుడు, భార్య మంచాన పడినప్పుడు అక్కరకు రావలసిన బోధ పన్నెండేళ్ల వయసు దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

ఇది తిరుసభ (కతోలిక సంఘం) కోరిన పద్ధతి కాదు. 1971లో రోము వెలువరించిన సత్యోపదేశ మార్గదర్శిలోనే పెద్దలకు చేసే బోధే ప్రధానమైనదని స్పష్టంగా ఉంది. 1997లో, 2020లో వచ్చిన మార్గదర్శులు కూడా ఆ దారినే నడిచాయి. మనం మాత్రం పిల్లల తరగతి పెట్టి చేతులు దులుపుకుంటున్నాం.

మన నేలకు ఇంకో జ్ఞాపకం ఉంది. మనది కాని సంఘానిదే అయినా చెప్పుకోవలసినది. 1876–78 నాటి కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. అక్కడ బోధకులే మేస్త్రీలు. పని ఆగిన వేళ కూలీల మధ్య కూర్చుని సువార్త చెప్పేవారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరవు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటారు కానీ, దాని వెనక పని చోట సాగిన బోధ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. విన్నవాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. తల్లీ, బిడ్డా, ముసలీ ఒకే చోట కూర్చుని విన్నారు. అన్ని వయసుల సత్యోపదేశం ఈ జిల్లాలకు కొత్తగా దిగుమతి చేసుకునే సరుకేమీ కాదు.

ఇక పనిలోకి వద్దాం.

ముందు పుస్తకాలు తిరగేయండి

జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం, కుటుంబ రిజిస్టరు ప్రతి విచారణలోనూ ఉంటాయి. ఫాదరు గారి అనుమతితో ఆయన గదిలోనే కూర్చుని వాటిలోంచి మూడు జాబితాలు రాసుకోండి. గత మూడేళ్లలో బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించిన ఇళ్లు. గత ఐదేళ్లలో పెళ్లైన జంటలు. గత రెండేళ్లలో చావు జరిగిన ఇళ్లు. మనిషి మనసు తెరుచుకునేది పుట్టుక దగ్గర, పెళ్లి దగ్గర, చావు దగ్గర. వయసును బట్టి తరగతులు వేయడం కంటే ఈ మలుపులను బట్టి ఇళ్లకు వెళ్లడం మేలు.

ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక పెద్దామె, ఒక ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి లేదా అబ్బాయి అయితే బాగుంటుంది. పూజకు ఎందుకు రావడం లేదని అడగకండి. ఆ ప్రశ్నతో సగం తలుపులు మూసుకుంటాయి. ఇవి అడగండి: సాయంత్రం జపం ఇంట్లో ఎవరు మొదలుపెడతారు? పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకు మీకు జవాబు తోచలేదు? వారంలో ఏ రోజు, ఏ వేళ మీకు తీరిక? రెండో ప్రశ్నకు వచ్చే జవాబులను వచ్చినవి వచ్చినట్టే నోటుపుస్తకంలో రాసుకోండి. ఏడాది పాఠాలకు అంతకంటే మంచి ముడిసరుకు మరెక్కడా దొరకదు. "మా పక్కింటి వాళ్లు మంచివాళ్లే కదా, వాళ్లు పరలోకానికి పోరా?" అని అడిగే పిల్లలు ఊరికి పదిమంది ఉంటారు. జవాబు తెలియక "ఊరుకో" అనే తల్లిదండ్రులూ అంతమందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన విచారణల్లో చాలామందికి జ్ఞానస్నానపు పేరు ఒకటి, బడి పేరు మరొకటి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వల్ల క్రైస్తవుడినని కాగితం మీద రాసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. అందుకే ఆ రెండు పేర్లు. మీ హాజరు పట్టీలో ఇంట్లో పిలిచే పేరు ఒక్కటే రాయండి. కూటాల ఫొటోలు తీసి పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టే ఉత్సాహవంతుడు ప్రతి విచారణలోనూ ఒకడుంటాడు. అతనికి ముందే చెప్పి ఉంచండి.

బృందాన్ని కూర్చండి

సిస్టరు గారి మీదే మొత్తం భారం వేసే అలవాటు మానుకోండి. ఆరేడుగురు చాలు. సత్యోపదేశం చెప్పే ఉపదేశి గారు తప్పకుండా ఉండాలి. 2021 మే 10న పోప్ ఫ్రాన్సిస్ ఉపదేశి సేవను తిరుసభలో అధికారిక పరిచర్యగా స్థాపించారు. మన పల్లెల్లో మాత్రం ఉపదేశి అంటే గంట కొట్టి, ఫాదరు గారి మోటారు సైకిలు చప్పుడు వినగానే గుడి తలుపులు తీసే మనిషిగానే చూస్తున్నారు. ఆయనతో పాటు ఇద్దరు తల్లులు, పాటలు పాడే ఒక అవ్వ, కాలేజీ విద్యార్థులు ఇద్దరు, జనాన్ని పోగుచేయగల మగమనిషి ఒకరు. ఆ చివరి మనిషిని టీచర్లలోంచి తీసుకోకండి. ట్రాక్టరు నడిపేవాడో, చేపల బేరం చేసేవాడో అయితే, పూజ జరుగుతున్నంతసేపూ బయట చెట్టు కింద నిలబడే మగవాళ్లను లోపలికి తేగలడు.

బృందం పేర్లు, ఏడాది ప్రణాళిక పారిష్ కౌన్సిల్ మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు చేయించండి. కొన్నేళ్లకోసారి ఫాదరు గార్లకు బదిలీలు తప్పవు. వచ్చే ఫాదరు గారు పుస్తకంలో ఉన్నదాన్ని కొనసాగిస్తారు. పాత ఫాదరు గారి మనసులో ఉన్నది ఆయనతోనే బస్సెక్కి వెళ్లిపోతుంది.

పిల్లల విషయంలో కొన్ని నియమాలు మొదటి రోజే రాసి గోడకు అంటించండి. పిల్లలున్న గదిలో పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరికి తగ్గకూడదు. తలుపులు తెరిచే ఉండాలి. ఒంటరిగా ఏ పిల్లనూ, పిల్లవాడినీ బండి మీద దింపకూడదు. పిల్లలతో వ్యక్తిగతంగా ఫోను సందేశాలు నడపకూడదు. ఏదైనా తప్పు జరిగిందని తెలిస్తే గుడి పరువు పేరుతో దాచిపెట్టడానికి వీల్లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దీనిమీద చర్చకు తావివ్వకండి.

రెండు గడుల క్యాలెండరు వేయండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పెద్ద చార్టు తీసుకుని నిలువుగా రెండు గడులు చేయండి. ఎడమవైపు ఆరాధన సంవత్సరం, కుడివైపు మీ ఊరి పని సంవత్సరం.

ఆరాధన సంవత్సరం క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారంతో మొదలవుతుంది. మూడేళ్ల చక్రంలో ‘ఎ’ (A) సంవత్సరం మత్తయి, బి సంవత్సరం మార్కు, సి సంవత్సరం లూకా సువార్తలు చదువుతాం. 2026 నవంబరు 29న మొదలయ్యేది బి సంవత్సరం. దానికి తగ్గట్టుగా తర్వాతి ఏడాదిలో తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం 2027 ఫిబ్రవరి 10, పునరుత్థాన పండుగ (ఈస్టరు) మార్చి 28. ఇవి మీ చేతిలో లేవు. రాసుకోవడమే.

కుడి గడి మాత్రం మీరే నింపాలి, ఊరికో రకంగా నింపాలి. ఒంగోలు, కందుకూరు, పొదిలి చుట్టుపక్కల పొగాకు పల్లెల్లో అక్టోబరు, నవంబరు నాట్ల కాలం. జనవరి నుంచి ఆకు కోత, ఆకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రింబవళ్లు కాపలా. అంటే తపస్సుకాలపు సాయంత్రాలకు సగం మంది దొరకరు. పెన్నా ఆయకట్టు వరి ఊళ్లలో మార్చి వచ్చేసరికి కోతలు. తీరం వెంట రొయ్యల గుంటలున్న చోట మేత వేసే వేళలను బట్టి మనుషులు దొరుకుతారు. చీమకుర్తి క్వారీల్లో షిఫ్టులు. మార్కాపురం, కనిగిరి వైపు పల్లెల్లో అయితే పని చేసే వయసువాళ్లు ఊళ్లోనే ఉండరు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కట్టడాల మీద ఉంటారు. ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం అన్ని ఊళ్లకూ ఉంటుంది.

రెండు గడులనూ పక్కపక్కన పెట్టి చూస్తే కూటాలు ఎక్కడ పెట్టాలో చార్టే చెబుతుంది. వలస వెళ్లినవాళ్లు క్రిస్మసుకు వచ్చి సంక్రాంతి దాకా ఉంటారు. సరిగ్గా ఆ మధ్యలోనే, మూడు రాజుల పండుగ తర్వాతి ఆదివారం ప్రభువు జ్ఞానస్నాన పండుగ వస్తుంది. 2027లో అది జనవరి 10. మీ ఏడాదిలో అతి పెద్ద కూటం ఆ రోజు పెట్టండి. జ్ఞానస్నానం మీద పాఠం. ప్రతి కుటుంబం తమ పిల్లల జ్ఞానస్నానపు తేదీ పుస్తకంలో చూసి రాసుకోవాలి. పిల్లలు తమ జ్ఞాన తల్లిదండ్రులు ఎవరో తెలుసుకోవాలి. చాలామంది పిల్లలకు ఆ పేర్లే తెలియవు. ఆ జ్ఞాన తల్లిదండ్రుల్లో సగం మంది కూడా తాము ఎవరికి మాటిచ్చామో మరచిపోయి ఉంటారు.

నవంబరు 2 సమాధుల పండుగ కూడా ఇలాంటిదే. ఎలాగూ అందరూ సమాధుల తోటకు వస్తారు. సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి వెళ్లిపోతారు. ఆ ఏడాది ప్రతి ఇంటి పెద్దనూ ఒక్క పని చేయమనండి: సమాధిలో ఉన్నది ఎవరో, ఎలా బతికారో, ఏ జపం ఇష్టంగా చెప్పేవారో మనవలకు అక్కడే నిలబడి చెప్పాలి. పునరుత్థానం మీద పాఠం ఆ తర్వాత పది నిమిషాలు చాలు. వానొస్తే గుడిలోకి మార్చుకోండి.

మే నెల నడి ఎండల్లో పెద్దలతో పగటి కూటం పెట్టడం అనవసరపు సాహసం. పిల్లలకు వేసవి తరగతులు ఉదయం పదింటి లోపు ముగించి, పెద్దలకు సాయంత్రం జపమాల ఇంటింటా తిప్పండి. అందులోనే ఒక్కో దేవరహస్యం (జపమాలలో ధ్యానించే ఘట్టం) గురించి రెండు మాటలు చెప్పుకోవచ్చు.

నెలకొక కూటం, ఒకటే పాఠం

ఏడాదికి పది కూటాలు చాలు. ఆదివారం పూజ అయ్యాక రెండు గంటలు. రాబోయే పండుగనో, ఆ నెలలో చదివే సువిశేషాన్నో పాఠంగా తీసుకోండి. పాఠం అందరికీ ఒకటే, లోతు మాత్రమే వేరు.

మొదటి అరగంట అందరూ కలిసి: ఒక పాట, పఠనం, చిన్న ప్రదర్శన. తర్వాత నలభై నిమిషాలు విడివిడిగా: చిన్నపిల్లలు, యువత, తల్లిదండ్రులు, పెద్దవాళ్లు. తర్వాత అరగంట మళ్లీ అందరూ కలిసి ఒక్కో గుంపు నేర్చుకున్నది చెబుతుంది. చివర భోజనం.

భోజనం దగ్గర బేరాలు ఆడకండి. భోజనం లేని కూటానికి రెండోసారి జనం రారు. పైగా యేసు ప్రభువు సగం బోధ భోజనాల దగ్గరే చేశాడు. అయితే బిర్యాని అక్కరలేదు. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. ఇంటికో గ్లాసు బియ్యం తెమ్మంటే ఎవరికీ బరువు కాదు. దాతను వెతికి ఆయన పేరుతో విందు పెడితే, వచ్చే నెల దాత దొరకలేదని కూటం ఆగుతుంది.

మూడో అంకాన్ని వదిలేయకండి. సమయం మించిపోయిందని చాలాచోట్ల మళ్లీ కలవడాన్నే ముందు కోసేస్తారు. తొమ్మిదేళ్ల పిల్ల మాట తండ్రి విననప్పుడు, అవ్వ మాట యువకుడు విననప్పుడు మీరు నడిపింది నాలుగు వేరువేరు తరగతులు, అంతే. సమయం లేకపోతే విడివిడి చర్చనే తగ్గించండి.

ఒక కూటాన్ని దగ్గరగా చూద్దాం

తపస్సుకాలం మూడో ఆదివారం ‘ఎ’ (A) సంవత్సరంలో చదివే సువిశేషం యోహాను 4వ అధ్యాయం, యాకోబు బావి దగ్గర సమరియ స్త్రీ కథ. జ్ఞానస్నానానికి సిద్ధపడే పెద్దలున్న విచారణలో దీన్ని ఏ ఏడాదైనా చదువుకోవచ్చు. పాత ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో దీన్ని మించిన పాఠం లేదు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంత పని చేసిందో ఎవరూ వివరించనక్కరలేదు. పెద్దవాళ్ల పళ్లు, వంగిన మోకాళ్లు చెబుతాయి.

సామగ్రి: ఒక పాత కడవ, చేంతాడు, బొక్కెన, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. నాలుగూ పీఠం ముందు నేల మీద పెట్టండి. దేన్నీ అలంకరించకండి.

పఠనాన్ని ముగ్గురు చదవాలి. కథ చెప్పే గొంతు ఒకటి, యేసు గొంతు ఒకటి, స్త్రీ గొంతు ఒకటి. స్త్రీ మాటలు స్త్రీయే చదవాలి, అదీ రోజూ నీళ్లు మోసే స్త్రీ అయితే మంచిది. "అయ్యా, ఆ నీళ్లు నాకివ్వు, ఇక నేను ఇక్కడికి రానవసరం ఉండదు" అన్న అర్థం వచ్చే మాట దగ్గర ఆమె గొంతులో వచ్చే తేడాకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఆమెకు చదువు రాకపోతే వారం ముందు నుంచి వినిపించి నోటికి నేర్పండి. మన అవ్వలు కీర్తనలన్నీ అలాగే కదా నేర్చుకున్నది.

తర్వాత గుంపులు. చిన్నపిల్లలు కడవ, బొక్కెనలతో కథను ఆడి చూపించాలి. ఆమె కడవ అక్కడే వదిలేసి ఊళ్లోకి ఎందుకు పరుగెత్తిందో వాళ్లనే ఊహించనివ్వండి. "మళ్లీ రావడానికి గుర్తు కోసం", "యేసుకు దాహం వేస్తోందని" లాంటి జవాబులు వస్తాయి. దేన్నీ తప్పనకండి. యువతకు ఒకే ప్రశ్న: మన ఊళ్లో ఇప్పుడు ఎవరు ఎవరితో నీళ్లు పంచుకోరు? తల్లిదండ్రులకు: ఆమెకు ఐదుగురు భర్తల సంగతి యేసు ఎత్తాడు కానీ తిట్టలేదు. మీ ఇంట్లో తప్పు బయటపడినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి?

పెద్దవాళ్ల గుంపులో పాఠం చెప్పకండి, అడగండి. మీ చిన్నప్పుడు పాలెంలో నీళ్లు ఎక్కడివి? ఊరి బావి దగ్గరికి వెళ్తే ఏమి జరిగేది? చేంతాడు ముట్టుకోనివ్వక, ఎవరో తోడి పైనుంచి కడవలో పోసేదాకా ఎండలో నిలబడిన సంగతులు డెబ్బై దాటిన వాళ్లకు బాగా గుర్తు. "యూదులు సమరియులతో పొత్తు పెట్టుకోరు" అన్న వాక్యాన్ని బాల్యంలో అనుభవించినవాళ్లు మీ ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

అందరూ మళ్లీ కలిసినప్పుడు ముందుగా పెద్దవాళ్లలో ఒకరిని మాట్లాడనివ్వండి. మూడు నిమిషాలు అనుకున్నది పది నిమిషాలైనా ఆపకండి. యేసు దాహమని ఎవరిని నీళ్లడిగాడో, ఎవరి కడవలోని నీళ్లు తాగడానికి సిద్ధపడ్డాడో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. ఇక్కడే నడిపించేవాళ్లకు ఒక దురద పుడుతుంది: "ఇప్పుడు అవన్నీ లేవు, ప్రభువులో అందరం ఒక్కటే" అని ముక్తాయించాలని. ఆపుకోండి. ఆ అవ్వ చెప్పింది అలాగే నిలవనివ్వండి. ఒకే విచారణలో రెండు వాడలుండి, రెండు వాడల జనం గుడిలో రెండు వైపుల కూర్చునే చోట ఈ నిగ్రహం మరీ అవసరం. అలాంటి చోట కూటాన్ని ఒక నెల ఒక వాడలో, మరో నెల రెండో వాడలో పెట్టండి. ఎవరి వాకిట్లో ఎవరు భోంచేశారన్నది ఏ ఉపన్యాసం కంటే బాగా గుర్తుంటుంది.

ఇంటికి పంపేటప్పుడు కాగితాలు పంచకండి. ఒక్క పని చెప్పండి: ఈ వారం రోజూ రాత్రి అన్నం ముందు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు అందరికీ గ్లాసుల్లో నీళ్లు పోయాలి, అందరికంటే పెద్దవాళ్లు కృతజ్ఞతా జపం చెప్పాలి.

సంస్కారాలకు సిద్ధం చేయడం: పిల్లలనే కాదు, ఇంటిని

మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లల తల్లిదండ్రులకు నాలుగు సాయంత్రాలు వేరే తరగతి పెట్టండి. తండ్రి రాకపోతే ఆ ఇంటికే వెళ్లండి. బిడ్డను ఆపుతామని మాత్రం బెదిరించకండి. తండ్రి బద్ధకానికి బిడ్డకు శిక్ష వేసినట్టవుతుంది. జ్ఞానస్నానానికి ముందు తల్లిదండ్రులతో పాటు జ్ఞాన తల్లిదండ్రులనూ పిలవండి. పెళ్లికి సిద్ధమయ్యే జంటలకు ఐదారేళ్లు కాపురం చేసిన ఒక జంటను తోడుగా ఇవ్వండి. డబ్బు, అత్తగారిల్లు, మద్యం గురించి ఫాదరు గారి ముందు నోరు విప్పనివాళ్లు ఆ జంట ముందు విప్పుతారు.

కొత్తగా విశ్వాసంలోకి రావాలనుకునే పెద్దలకు తిరుసభ 1972లో పాతకాలపు పద్ధతిని పునరుద్ధరించింది. అంచెలంచెలుగా, తగినంత కాలం సమాజంతో కలిసి నడిచి, ఈస్టరు ముందు రాత్రి పాస్కా జాగరణలో జ్ఞానస్నానం. పెళ్లి కుదిరింది కాబట్టి పదిహేను రోజుల్లో ఇచ్చేయమని వచ్చే ఒత్తిడి మన దగ్గర మామూలే. అలాంటప్పుడు నిర్ణయం ఫాదరు గారిదే అయినా, ఆ వ్యక్తితో ఏడాది పొడవునా నడిచే ఒక తోడును చూపించే బాధ్యత బృందానిది.

పూజ నెలకోసారే జరిగే పల్లెల్లో

నెల్లూరు పీఠంలో (బిషప్ గారి పరిధిలో) ఒక్కో ఫాదరు గారి కింద పల్లెలు చాలా ఉంటాయి. అక్కడ నెలవారీ కూటం కుదరదు. ఉపదేశి గారు నడిపే ఆదివారపు ప్రార్థనలోనే పది నిమిషాలు దీనికి కేటాయించండి. సువిశేషం చదివాక పక్కపక్కన కూర్చున్న ముగ్గురు, వేరువేరు వయసులవాళ్లు, తమకు తగిలిన మాట ఒకరికొకరు చెప్పుకోవాలి. మొదటి రెండు మూడు వారాలు నవ్వులే ఉంటాయి. తర్వాత కుదురుతుంది. ఉపదేశులందరినీ మూడు నెలలకోసారి విచారణ కేంద్రానికి పిలిచి, రాబోయే మూడు నెలల పాఠాలు వాళ్లతో ఒకసారి నడిపి చూపించండి. రాకపోకల ఖర్చు చేతికిచ్చి పంపండి. ఇది మరవకండి.

వలసపోయినవాళ్లకు వాట్సాప్ పనికొస్తుంది, హద్దులో ఉంచితే. రోజుకు ఇరవై గుడ్ మార్నింగ్ బొమ్మలు వచ్చే గ్రూపులో బోధ ఎవరికీ కనపడదు. వారానికి ఒక్కటే సందేశం, శనివారం సాయంత్రం, మూడు నిమిషాలు మించని గొంతు. రాత కాదు, గొంతు. చదవలేనివాళ్లు వింటారు, పని మధ్యలో ఉన్నవాళ్లూ వింటారు. ఆ గొంతు ప్రతి వారం మారాలి. ఊళ్లో ఉన్న తల్లి గొంతు బెంగళూరులో ఇటుకలు మోసే కొడుకు సెల్లులో సువిశేషం చదివితే, అతను దాన్ని చెరిపేయడు. మంచాన ఉన్న ముసలివాళ్లకు సత్ప్రసాదం తీసుకెళ్లేటప్పుడు ఒక పిల్లను వెంట తీసుకెళ్లి ఆ వారం పఠనం చదివించండి. ఇద్దరికీ అది పాఠమే.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

పరీక్షలు, బహుమతులు, స్టీలు గిన్నెలు పక్కన పెట్టండి. పిల్లలకు పోటీ సరదాయే కానీ, పెద్దవాళ్లు పరీక్ష అనగానే మాయమవుతారు. హాజరు లెక్క కూడా అంత నమ్మదగినది కాదు. భోజనానికి వచ్చినవాళ్లూ అందులో ఉంటారు, వాళ్లనూ సంతోషంగా లెక్కించండి. చూడవలసినవి వేరే. ఏడాది చివర మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి అవే మూడు ప్రశ్నలు అడగండి. సాయంత్రం జపం మొదలుపెట్టేది ఇప్పుడు ఎవరు? కొత్త ప్రశ్నలు పుట్టాయా? ప్రశ్నలు పెరిగితే మంచి గుర్తు. చెట్టు కింద మగవాళ్లలో లోపలికి వచ్చిందెవరు? ఇద్దరు వచ్చినా రాసుకోండి. ఏడాది మొదట మౌనంగా ఉండి చివరికి అందరి ముందు మాట్లాడిన అవ్వ ఎవరైనా ఉన్నారా?

రెండో ఏడాదికి బృందంలో ఇద్దరిని మార్చండి, మిగిలినవాళ్లను ఉంచండి. అందరినీ మారిస్తే మొదటికొస్తుంది, ఎవరినీ మార్చకపోతే అది వాళ్ల సొంత సొత్తు అవుతుంది. కొత్త చార్టు అక్టోబరు మొదటివారానికల్లా గుడి తలుపు పక్కన అంటించండి. ఎడమ గడిని పెన్నుతోనే రాయండి. కుడి గడిని మాత్రం పెన్సిలుతో రాయండి, తుపాను వస్తే నాట్లు వెనక్కి జరుగుతాయి, నాట్లు వెనక్కి జరిగితే కూటాలూ వెనక్కి జరపవలసి ఉంటుంది.